మార్టిన్ ఈడెన్: నవలాకారుడి పనిగంటలు

మొదటి నవల రాసిన యువకులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: అచ్చులోకి రావటం ఎలా? దీనికి జవాబుగా జాక్ లండన్ ‘మార్టిన్ ఈడెన్’ చదవమని సలహా ఇచ్చేవారు మన అధ్యాపకుల్లోనూ ఉన్నారు. పట్టుదల ఉంటే ఎంతటి పామరుడైనా రచయిత కాగలడని ఆ నవల రుజువు చేస్తుందని వారి నమ్మకం. 1909లో పుస్తకంగా వెలువడిన నాటి నుంచీ ఎందరో దాన్ని ఇలాగే చదివారు. వ్యక్తివాదాన్ని ఖండిస్తూ రాసిన నవలను సమీక్షకులు గ్రహించలేకపోయారని లండనే వాపోయాడు.

మార్టిన్ ఓక్లండ్‌కు చెందిన నావికుడు. మధ్యతరగతి యువతి రూత్‌ను ప్రేమించి, ఆమె స్థాయికి ఎదగాలని చదువు మొదలుపెట్టి, రచయిత కావాలని నిశ్చయించుకుంటాడు. నిద్రను ఐదు గంటలకు తగ్గిస్తాడు. కోటు తాకట్టు పెట్టి తపాలా బిళ్లలు కొంటాడు. పంపిన ప్రతి కథా తిరిగివస్తుంది. పత్రికల వెనక సంపాదకుడనే మనిషి ఉన్నాడా, ఒక కవరు తీసుకుని మరో కవరు కక్కే యంత్రం మాత్రమే ఉందా అని అతనికి అనుమానం కలుగుతుంది. (మన రచయితల్లో ఈ అనుమానం కలగనివాడు అరుదు.) చివరికి ఒక పత్రిక అతని కథకు 5 డాలర్లు ఖరీదు కడుతుంది; వాటి కోసం అతడు కార్యాలయానికి పోయి సంపాదకుల మీద చెయ్యి చేసుకోవలసి వస్తుంది. ఈ అంకె కల్పన కాదు. 1899లో ‘ఓవర్‌లాండ్ మంత్లీ’ లండన్ కథకు కట్టిన వెల 5 డాలర్లే. 1903లో ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’ పుస్తక హక్కులను అతడు మాక్మిలన్ సంస్థకు 2,000 డాలర్లకు ఒక్కసారిగా అమ్మేశాడు. అది లోకప్రసిద్ధమైంది, లాభం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

నా దృష్టిలో ఈ నవలకు ప్రాణం లాండ్రీ ఘట్టాలు. చేతిలో డబ్బు అయిపోయి మార్టిన్ ఒక హోటలు లాండ్రీలో జో అనే పనివాడికి సహాయకుడుగా చేరతాడు. వెంట పెట్టెడు పుస్తకాలు తీసుకుపోతాడు. పగలంతా ఉతకటం, గంజి పెట్టటం, ఇస్త్రీ చెయ్యటం. దీపాలు పెట్టిన తర్వాత మళ్లీ అదే పని. మొదట్లో పుస్తకం తెరిచి దాని మీదే నిద్రపోతాడు. క్రమేణా చదవాలన్న కోరికే చచ్చిపోతుంది. వారాంతంలో ఊళ్లోకి పోయి తాగటం ఒక్కటే మిగులుతుంది. కార్మికుడి తాగుడు గురించి నీతులు చెప్పేవారు ఈ పుటలు చదవాలి. లండన్ 1897లో బెల్మాంట్ అకాడమీ లాండ్రీలో పనిచేసినవాడు. ఆ ఆవిరీ, ఆ గంజివాసనా పాఠకుణ్ణి అంతగా తాకటానికి అదే కారణం. మార్టిన్‌కు ప్రతిభ అప్పుడూ ఉంది, పట్టుదలా ఉంది. గంటలు లేవు. ఐదు గంటల నిద్రను ఆదర్శంగా చూపే మన మిత్రులు ఈ ఘట్టాన్ని ఎందుకు దాటవేస్తారో నాకు బోధపడదు.

తర్వాత అతని వ్యాసగ్రంథం ఒకటి సంచలనం కలిగిస్తుంది. వెనక్కి తిరగగొట్టిన పత్రికలే ఆ పాత రాతప్రతులను అతడడిగిన ధరకు కొంటాయి. వాటిలో ఒక్క అక్షరం మారలేదు. మారింది సరుకు మీది ముద్ర. ఆకలితో ఉన్న రోజుల్లో పిడికెడు అన్నం పెట్టనివాళ్లు ఇప్పుడు విందులకు పిలుస్తారు. ఈ అసహ్యంతోనే అతడు సముద్రంలో పడి చనిపోతాడు.

అయితే నవల అపార్థానికి గురికావటంలో లండన్ బాధ్యత కూడా ఉంది. తన కథానాయకుడి కండల మీద, ఏకాంత పౌరుషం మీద అతనికి మోజు ఎక్కువ. సోషలిస్టు సభ నవలలో ఉంది కాని, అక్కడి మనుషులు నీడల్లాగే మిగిలిపోతారు. కీర్తి వచ్చిన తర్వాతి అధ్యాయాల్లో ఒకే ఆలోచన పదే పదే తిరుగుతుంది.

మన సంగతి కొంత వేరు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. తర్వాత వారపత్రికల సీరియళ్లు కొత్తవారిని తీసుకువచ్చాయి. ఈనాడు నా వద్దకు వచ్చే యువకుల్లో ఎక్కువమంది ముద్రణ ఖర్చు తామే పెట్టుకుంటున్నారు. మార్టిన్‌కు పత్రిక 5 డాలర్లు బాకీపడింది; వీరు ప్రెస్సుకు బాకీపడుతున్నారు. ఇక తీరిక మాట! ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ‘మాలపల్లి’ రాసింది జైల్లో. 1922లో అది అచ్చయింది. ఆ తీరికనిచ్చిన ప్రభుత్వమే దాన్ని నిషేధించింది.

సంపన్నుడైన తర్వాత మార్టిన్ తన పాత సహచరుడు జోకు ఒక లాండ్రీ కొనిపెడతాడు. ఈ సన్నివేశాన్ని విమర్శకులు అంతగా పట్టించుకోరు. యజమాని అయిన జో చేసే మొదటి ప్రతిజ్ఞ: తన లాండ్రీలో పసిపిల్లలు పనిచెయ్యరు, సాయంత్రం ఆరు దాటిన తర్వాత ఎవరూ పనిచెయ్యరు.