తోరణం కింద మన బొమ్మ ఏది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాడల పిల్లలు రాజముద్రను దగ్గరగా చూసేది కులం సర్టిఫికెట్ మీద. ఆ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చదువుకున్నవాళ్లం కనుక ముద్ర గురించి అడిగే హక్కు మాకుంది.

2014లో ఏలె లక్ష్మణ్ రూపొందించిన తెలంగాణ ముద్రలో కాకతీయ తోరణం, అందులో చార్మినార్, పైన సింహాలు ఉన్నాయి. గీతలో పొందిక ఉంది. మా పేచీ దాంతో కాదు. 2024లో తోరణం రాచరికానికి గుర్తంటూ ప్రభుత్వం ముద్ర మార్చబోయింది. అది మన గౌరవమని ప్రతిపక్షం లేచింది. మార్పు వాయిదాపడింది. ఉండాలన్నోళ్లూ పోవాలన్నోళ్లూ రాజుల గురించే కొట్లాడిండ్రు. రాళ్లు మోసిన చేతుల ఊసు ఎవరెత్తిండ్రు?

భూపాలపల్లి జనం మేడారం జాతరకు పోతరు. సమ్మక్క కథలో కాకతీయ సైన్యం కప్పం కోసం మీదికొచ్చిన శత్రువు. ఒకరి గౌరవం ఇంకొకరి గాయం.

మనకు బొమ్మలు లేక కాదు. జనగామకు దగ్గరి చేర్యాలలో నకాషీలు గీసిన పటం పట్టుకొని డక్కలివాళ్లు మాదిగ వాడల్లో జాంబపురాణం చెప్పిండ్రు. ఆ పటమే కులానికి గుర్తు, చరిత్ర, ఆత్మగౌరవం. ఇవాళ చేర్యాల బొమ్మ షోకేసుల్లో నిలబడ్డది. కథ చెప్పే గొంతుకు పిలుపు కరువైంది.

అట్లని ముద్రలో ఒక మూల డప్పు అతికిస్తే సరిపోదు. ఏ బొమ్మ ఉండాలో తేల్చే చోట మనం కూర్చోవాలె. మన కులం రాసే కాగితం మీద మన చరిత్ర ఎందుకుండదు?