తొక్కు, పట్టు, వదులు

తిరుమల కొండ దిగే దారి 1944లో తెరిచిన పాత ఘాట్. గేరు న్యూట్రల్లోకి తోసేసి, మలుపు మలుపుకీ బ్రేకు మీద కాలు వేస్తూ దిగితే పెట్రోలు మిగులుతుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా దిగుతుంటే డిస్కు వేడి ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి కాలిపర్ పిస్టన్‌కి, అక్కణ్నుంచి దాని వెనకున్న బ్రేక్ ఆయిల్‌కి ఎక్కుతుంది. ఆయిల్‌లో నీరు చేరి ఉంటే అది త్వరగా మరుగుతుంది. ద్రవాన్ని ఎంత నొక్కినా కుంచించుకుపోదు కాబట్టే కాలి బలం చక్రాల దాకా చేరుతోంది. ఆవిరి అలా కాదు, నొక్కితే నలిగిపోతుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. కాసేపు పక్కన ఆపితే ఆయిల్ చల్లారి, ఆవిరి మళ్లీ ద్రవమై, పెడల్ గట్టిపడుతుంది. మర్నాడు షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ తొక్కి చూసి “బాగానే ఉంది కదండీ” అంటాడు. అతని తప్పేం లేదు, అప్పటికి నిజంగానే బాగుంటుంది.

నీరు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, గాలిలోంచే. మామూలుగా వాడే బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం. తేమ తగిలితే పీల్చి తనలో కలిపేసుకుంటుంది. ఆ గుణం మన మంచికే. కలవకుండా మిగిలితే ఆ నీరు కాలిపర్ అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది, వందకే మరుగుతుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు కలిశాక ఆ గీత 155కి దిగుతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత గట్టిగా బిగించే ఉంచాం కదా అంటారు కొందరు. రబ్బరు హోసుల గోడల్లోంచి కూడా తేమ కొద్దికొద్దిగా చొరబడుతూనే ఉంటుంది, బండి కదిలినా కదలకపోయినా. అందుకే కంపెనీలు కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా పెడతాయి. ఎక్కువగా వినిపించేది రెండేళ్లు. తేమ ఎంతుందో చెబుతామంటూ పెన్ను టెస్టర్లు అమ్ముతున్నారు గానీ, వాటికన్నా నాకు క్యాలెండర్ మీదే నమ్మకం.

ద్రవంతో బ్రేకులు వేసే ఆలోచనకి వందేళ్లు దాటాయి. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. తర్వాత డ్రమ్ముల చోట డిస్కులొచ్చాయి, ఏబీఎస్ వచ్చింది. పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి తీసే ఇద్దరి పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. అంబాసిడర్, పద్మిని కాలం నుంచీ షెడ్డులో చేరిన కుర్రాడు మొదట నేర్చే పనుల్లో పెడల్ తొక్కడం ఒకటి. ఆయిల్‌ని పైనుంచి ఒత్తిడితో తోసే యంత్రాలు, కిందనుంచి లాగే పంపులు ఇప్పుడున్నాయి, ఒక్కరితో పని అయిపోతుంది. ఇంట్లో చేసుకునేవారికి నా ఓటు పాత పద్ధతికే. తొక్కే కాలికి తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

చదునైన నేల, చక్రాలకి అడ్డు, జాకీతో లేపాక స్టాండ్లు. ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు. మాన్యువల్ చెప్పిన రకం ఆయిల్, సీలు తీయనిది, చిన్న కారుకి ఒక లీటరు సరిపోతుంది. చేపల తొట్టికి వాడే సన్నని పారదర్శక పైపు, ఒక ఖాళీ సీసా, చక్రం దగ్గర పాత ఆయిల్‌ని బయటికి వదిలే నిప్పల్‌కి సరిగ్గా కూర్చునే రింగు పానా కావాలి. ఈ చివరిదాని దగ్గర మాత్రం రాజీ వద్దు. నిప్పల్ లోపల బోలు. ఓపెన్ పానా జారితే మూలలు అరుగుతాయి, తుప్పు పట్టినదాన్ని బలవంతం చేస్తే విరుగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచడం మేలు. అయినా కదలకపోతే అక్కడితో ఆపి షెడ్డుకి వెళ్లడమే.

ముందు పైడబ్బా మూత చుట్టూ ఉన్న దుమ్ము తుడిచి, పాత ఆయిల్ సిరంజితో లాగేసి, కొత్తది నింపాలి. లేదంటే ఆ మురికంతా పైపులన్నీ తిరిగి రావాల్సిందే. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ మన బండ్లలో కుడివైపు ఉంటుంది. దానికి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి అన్నది పాత లెక్క. ఇప్పుడు చాలా కార్లలో రెండు సర్క్యూట్లు ఐమూలగా ఉంటాయి, కొన్నిటికి కంపెనీ వేరే వరస చెబుతుంది. మాన్యువల్ ఏం చెబితే అదే.

పైపు ఒక కొస నిప్పల్‌కి తొడిగి, రెండో కొస సీసాలో కాస్త కొత్త ఆయిల్ పోసి అందులో మునిగేలా పెట్టాలి. ఇక ఇంజన్ ఆపి ఉన్న బండిలో కూతురు, చక్రం దగ్గర తండ్రి అనుకుందాం.

“నెమ్మదిగా మూడుసార్లు తొక్కమ్మా. ఇప్పుడు పట్టు.”

“పట్టాను నాన్నా.”

పానా పావు చుట్టు తిరుగుతుంది. పైపులోకి డికాషన్ రంగు ఆయిల్ చిమ్ముతుంది, మధ్యలో ఓ బుడగ.

“కిందికి పోతోంది, వదలనా?”

“వద్దు, వద్దు. బిగించాను. ఇప్పుడు వదులు.”

పని కిటుకంతా ఈ చివరి మాటలో ఉంది. నిప్పల్ తెరిచి ఉండగా కాలు తీస్తే, పంపిన గాలి వెనక్కి రావచ్చు. అందుకే ప్రతి మాటకీ జవాబు చెప్పాలి, సైగలతో కానిచ్చేయకూడదు. బుడగలు ఆగి, లేత పసుపు ఆయిల్ వచ్చేదాకా ఇదే తంతు. మధ్యమధ్య పైడబ్బా చూస్తూ నింపుతుండాలి. అది ఒట్టిపోతే గాలి మాస్టర్ సిలిండర్‌లోకి, అక్కణ్నుంచి ఏబీఎస్ యూనిట్‌లోకి దూరుతుంది. దాన్ని తీయడానికి చాలా బండ్లకి స్కానర్ కావాలి, ఇక ఆ పని ఇంట్లో అవ్వదు. పాత బండైతే పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టండి. రోజూ సగం దాకే కదిలే సీళ్లు అడుగంటా వెళితే, అక్కడ పేరుకున్న తుప్పు మీద గీసుకుని పాడవుతాయి.

పెయింట్ మీద చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది. ఇంజన్ ఆయిల్ గానీ మరే నూనె గానీ బ్రేకు డబ్బాలో పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి, సిస్టమ్ మొత్తం మార్చే ఖర్చు మీద పడుతుంది.

అన్నీ బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసి తొక్కి చూడాలి. పెడల్ కొద్దిగా దిగి అక్కడే నిలబడాలి. ఇంకా దిగుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది, మెత్తగా ఉంటే గాలి మిగిలింది. నిలబడితే వీధిలో, నడక వేగంతో, హ్యాండ్ బ్రేకు చేతికి అందేలా పెట్టుకుని రెండుసార్లు ఆపి చూశాకే రోడ్డెక్కండి. పాత ఆయిల్ విషం, పైగా గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పిల్లలకీ కుక్కలకీ అందనిచోట పేరు రాసి పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. కాలవలో పోయొద్దు.

కొత్త ఆయిల్ సీసాలో మిగిలినదాన్ని వచ్చేసారికి దాచుకుందామని మనసు లాగుతుంది, డబ్బు పెట్టి కొన్నది కదా. మూత తీసిన క్షణం నుంచీ అది కూడా తేమ తాగడం మొదలుపెట్టేసింది. రెండేళ్ల తర్వాత దాన్ని పోసేకంటే కార్లో ఉన్నదాన్ని అలాగే వదిలేసినా ఒకటే.