కూరే భోజనమైతే

తెనాలిలోనో రేపల్లెలోనో ఎవరైనా పేలియో డైట్ మొదలుపెడుతున్నామని ఇంట్లో చెబితే ముందు వచ్చే ప్రశ్న ‘మరి అన్నం?’ అనే. అడగడంలో న్యాయముంది. విజయవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలవ నీళ్లతో వరి పండిస్తున్న నేల ఇది. ఎన్నో రాష్ట్రాలవాళ్లు ఇష్టంగా తినే సాంబమసూరి, రైతులు బీపీటీ అని పిలుచుకునే 5204 రకం, బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలైంది. అలాంటి చోట ధాన్యం ముట్టకుండా ఉండొచ్చంటే నమ్మడం కష్టమే. అయినా ఏకాదశికీ, కార్తీక సోమవారాలకీ అన్నం మానుకోవడం, శివరాత్రికి చిలగడదుంపలు ఉడకబెట్టుకోవడం ఈ ఇళ్లకు కొత్తేమీ కాదు.

వ్యవసాయం రాకముందు మనిషి వేటాడీ, ఏరుకునీ తిన్న తిండికే మన ఒళ్లు అలవాటుపడి ఉందన్నది పేలియో వాదం. 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే అమెరికన్ పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంతో దానికి ఊపొచ్చింది. 2002లో లోరెన్ కార్డైన్ పుస్తకంతో అది మామూలు జనంలోకి వెళ్లింది. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు, దుంపలు, బాదం జీడిపప్పుల్లాంటివి తినొచ్చు. ధాన్యాలు, పప్పులు, పాలు, పంచదార, ఫ్యాక్టరీ తిండి వద్దు.

ఆ నియమాన్ని మన వంటింట్లోకి తెచ్చి చూస్తే దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. ఇడ్లీ పోయింది, అందులో రవ్వా పనికిరాదు, మినప్పప్పూ పనికిరాదు. ముద్దపప్పు పోయింది. వేరుశనగ కూడా పప్పుజాతే కాబట్టి పల్లీ చట్నీ, దాంతోపాటు వేరుశనగ నూనె పోయాయి. బాపట్ల ఇసుక నేలల్లో పండే జీడిమామిడి మాత్రం నిలబడింది. ఆ పంటకు అక్కడ పరిశోధనా కేంద్రమే ఉంది. ఇక పెరుగు. చాలామందికి అన్నం కంటే పెరుగు మానడమే కష్టం, చివర్లో మజ్జిగ పోసుకోకపోతే భోంచేసినట్టే ఉండదు.

ఇక్కడొక గందరగోళం కూడా ఉంది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన డైట్ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటి మాటైంది. కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు అందరికీ కంఠతా వచ్చాయి. అన్నం మానడమంటే అదేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది కీటో దారిలోది, పిండిపదార్థాన్ని దాదాపుగా తీసేసి కొవ్వు మీద నడిచేది. పేలియోలో నూనె తాగాల్సిన పనిలేదు. చిలగడదుంప, కంద, చేమ, అరటిపండు అన్నీ తినొచ్చు. కొత్తవాళ్లకు ఈ తేడా ముందే తెలియాలి. తెలియకపోతే రెండింటి నియమాలూ కలిపేసుకుని దేనికీ చెందని ఉపవాసం చేస్తారు.

అయితే మొదలుపెట్టినవాళ్లను వెనక్కి లాగేది వీటన్నిటికంటే చిన్న విషయం. మన కూర అన్నంలోకి చేసేది. ఉప్పు, కారం, పులుపు అన్నీ ముద్దల్లో కలిసిపోయేలా లెక్కచూసి వేస్తాం. అన్నం తీసేసి అదే కూర గిన్నెడు తింటే నోరు మండుతుంది, దాహమేస్తుంది, ఒంట్లోకి ఉప్పు ఎక్కువగా పోతుంది. నాలుగు రోజులకు ‘ఇది మనవల్ల కాదు’ అని వదిలేస్తారు. అప్పుడు మారాల్సింది మనిషి పట్టుదల కాదు, వంట.

చేపల పులుసునే చూడండి. నిజాంపట్నం హార్బర్ అందుబాటులో ఉన్న ప్రాంతం కాబట్టి వంజరమో, చందువానో, ఏమీ లేకపోతే కానాగంతలైనా దొరుకుతాయి. రెండు చెంచాల కారం వేసే చోట అర చెంచా చాలు. చింతపండు సగానికి తగ్గించి ఆ లోటు టమాటాతో పూడ్చాలి. ఉల్లిపాయలు మాత్రం రెట్టింపు వేసి బాగా మగ్గనివ్వాలి. ముక్కలు పెద్దవిగా కొట్టించుకుని, పులుసు నీళ్లలా ఉండకుండా దగ్గరపడ్డాక దించాలి. వేరుశనగ నూనెకు బదులు వాడే కొబ్బరినూనె వాసన పడనివాళ్లు మొదట్లో కొంచెమే వాడితే అలవాటవుతుంది. పక్కన సగం ఉప్పుతో మగ్గించిన దొండకాయ, పైన కాస్త కొబ్బరి తురుము. గోంగూర ఒక్కదాన్నే ఉత్తగా తినలేం, మాంసంలో వేస్తే తినగలం. ఈ మార్పు చేసిన ఇంట్లో అన్నం కోసం చెయ్యి వెతుక్కోదు.

పిండిపదార్థం కావాలనిపిస్తే తేగలున్నాయి. తాటిటెంకల్ని ఇసుకలో పాతిపెడితే మొలకొచ్చి లోపలికి దిగే దుంపే తేగ. సంక్రాంతికి అటూ ఇటూ తవ్వి తీసి, కుండల్లో తంపటి వేసి, కట్టలు కట్టి రోడ్ల పక్కన అమ్ముతారు. పైపొర ఒలిచి నిలువునా చీలిస్తే మధ్యలో చందమామ అని పిలిచే సన్నటి భాగం, దాని కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. ధాన్యం కాదు, పప్పూ కాదు. బాదంపిండి ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ముందు దీన్ని గుర్తుచేసుకోవాలి.

వేటాడీ ఏరుకునీ తినే విద్య కూడా ఈ డెల్టాలో ఇంకా బతికే ఉంది. యానాదులు కాలవల్లో చేపలు, పీతలు పడతారు. వరి చేలల్లో ఎలుకల్ని పట్టిపెడితే రైతులు డబ్బిస్తారు. వాళ్ల ఇళ్లలోనూ ఇప్పుడు రోజూ ఉడికేది అన్నమే అయినా, ఏ నీటిలో ఏ చేప దొరుకుతుందో వాళ్లకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. ఆ తిండిని, ఆ మనుషుల్ని ఊరి చివర నిలబెట్టి, అదే సూత్రం కోసం అమెరికా పుస్తకాలు వెతకడం బాధ కలిగించే సంగతి.

పేలియో అన్న మాటకు మూలమైన పాతరాతి యుగం పేరును చరిత్రగా మాత్రం తీసుకోకూడదు. జోర్డాన్‌లో 14,400 ఏళ్ల నాటి రొట్టె ముక్కలు పొయ్యి బూడిదలో దొరికాయి, అంటే సాగు మొదలవకముందే మనుషులు అడవి గింజల్ని దంచి కాల్చుకున్నారు. అప్పటి మనుషులంతా ఒకేలా తిన్నారనడానికీ వీల్లేదు, సముద్రం ఒడ్డున ఒకటి, కొండల్లో ఇంకొకటి. వైద్యపరంగా ఉన్న ఆధారాలు ఆశ పుట్టించేవే, కానీ చిన్నవి. 2007లో స్వీడన్‌లో స్టాఫాన్ లిండెబర్గ్ బృందం 29 మంది గుండెజబ్బు రోగులపై 12 వారాల పరీక్ష జరిపితే పేలియో తిన్నవాళ్లలో రక్తంలో చక్కెర బాగా అదుపులోకి వచ్చింది. ఇరవై తొమ్మిది మందిని చూసి ఊరంతటికీ తీర్పు చెప్పలేం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించకూడదని చెప్పింది, మనలో చాలామందికి 50 నుంచి 70 శాతం దాకా వాటి నుంచే వస్తోందనీ చెప్పింది. అన్నం పూర్తిగా మానకపోయినా తగ్గించాలనడానికి ఆ ఒక్క లెక్క చాలు.

అందుకే ఆరంభం రాత్రి భోజనంతో చేయడం మేలు. మధ్యాహ్నం అన్నం అలాగే ఉండనిచ్చి, రాత్రికి చేపో, గుడ్లో, రెండు కూరలో, ఒక దుంపో పెట్టుకుంటే ఇంట్లో మిగతావాళ్లతో తగువు ఉండదు, వేరే వంట చేసే భారం ఆడవాళ్ల మీద పడదు. ఇన్సులిన్ గానీ, షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి మోతాదు చూపించుకున్నాకే అన్నం తగ్గించాలి, లేకపోతే షుగర్ మరీ పడిపోయే ప్రమాదముంది. కిడ్నీ జబ్బున్నవాళ్లూ, గర్భిణులూ సొంతంగా మొదలుపెట్టకూడదు. పాలు మానేస్తే కాల్షియం తగ్గుతుంది కాబట్టి నెత్తళ్లు ముల్లుతో సహా నమలాలి, మునగాకు, నువ్వులు వారంలో నాలుగైదుసార్లు పడాలి. అవి కుదరని ఇంట్లో పెరుగు మానవద్దు. కార్డైన్ ఒప్పుకోకపోయినా సరే, రాత్రి ఒక కప్పు పెరుగు ఉంచుకుని మిగతా నియమం పాటించడమే ఇక్కడివాళ్లకు ఎక్కువ కాలం సాగే పద్ధతి.