కౌంటరు దాకా తోడు

బళ్లారి ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిని జనం ఇప్పటికీ విమ్స్ అనే పిలుస్తారు. 1961లో మొదలైన ఆ కళాశాలకు ఈమధ్య పేరు మార్చారు గానీ ఊరి నోట పాత పేరే ఉంది. డి.హీరేహాళ్, బొమ్మనహాళ్, రాయదుర్గం, ఆలూరు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే తెలుగువాళ్లు దాని ఓపీ వరుసలో కనిపిస్తూనే ఉంటారు. సంతలో బేరమాడేంత కన్నడం ఈ సరిహద్దులో చాలామందికి వచ్చు. గోడ మీది కన్నడం, చీటీ మీది ఇంగ్లీషు దగ్గరే ఆగిపోతారు. ఏ గదికి పోవాలో, రక్తపరీక్ష కాగితం ఎక్కడ తీసుకోవాలో, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చదివి చెప్పే మనిషి దొరక్కపోతే ఆ రోజు కూలీ, బస్సు చార్జీ రెండూ పోయినట్టే.

ఈ చిక్కు 1953 అక్టోబరు 1 నాటిది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఆ రోజున మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు వెళ్లాయి. పెళ్లిసంబంధాలు మాత్రం పాత జిల్లా లెక్కనే సాగుతున్నాయి. అందుకే రాయదుర్గంలో కాపురమున్న అక్కకు, బళ్లారిలో కాపురమున్న చెల్లెలికి ముసలితనం ఒకటే అయినా పింఛను వేరు. ఆంధ్రలో 60 నిండిన అర్హులకు 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. కర్ణాటకలో 65 దాటినవారికిచ్చే సంధ్యా సురక్షను 2021లో వెయ్యి నుంచి 1,200కు పెంచారు. అక్క కాగితాలు సచివాలయంలో ఇవ్వాలి, చెల్లెలు నాడ కచేరి అనే రెవెన్యూ కార్యాలయానికి పోవాలి. ఒకరికి తెలిసిన దారి ఇంకొకరికి పనికిరాదు.

సేవ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది అన్నదానం. ఈ నేల చరిత్ర చూస్తే అందులో వింత లేదు. 1876-78 నాటి ధాతు కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. 1952 కరువులో రాయలసీమ జనం గంజి కేంద్రాల ముందు నిలబడ్డారు. ఆకలి ఉన్నచోట అన్నం పెట్టడాన్ని మించిన పని లేదు, ఇప్పటికీ లేదు. అయితే ఇవాళ చాలా ఇళ్లలో బియ్యం ఆగేది వేలిముద్ర యంత్రం దగ్గర. ఏళ్ల తరబడి మట్టిపని, రాళ్లపని చేసిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. యంత్రం గుర్తుపట్టక ముసలాయన వెనక్కి తిరుగుతాడు. కంటిపాపతో చూడమనో, రిజిస్టరులో రాసుకుని ఇవ్వమనో అడగవచ్చని ఆయనకు తెలియదు. పక్కనుండి అడిగేవాళ్లు కావాలి. బళ్లారిలో సేవ చేయాలనుకునే వాళ్లు అన్నిటికన్నా ముందు పట్టాల్సిన పని ఇదే: కౌంటరు దాకా తోడు పోవడం.

చూడ్డానికి తేలిగ్గా కనిపించినా ఇది నేర్చుకోవాల్సిన పని. ముందురోజే కాగితాలన్నీ తీసి చూడాలి. తెలుగు పేరు కన్నడంలోకి, అక్కణ్నుంచి ఇంగ్లీషులోకి ఎక్కేసరికి ఒక అక్షరమైనా అటూ ఇటూ అవుతుంది. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. కౌంటరు దగ్గరికి చేరాక తోడు వచ్చినవాళ్లు వెనక్కి జరగాలి. "అవ్వా, నీ నొప్పి నువ్వే చెప్పు, వాళ్లకు అర్థం కాకపోతే నేను చెప్తా" అని ముందే చెప్పి తీసుకుపోతే ఆమె నోరు విప్పుతుంది. ఆమె బదులు గబగబా అన్నీ మనమే చెప్పేస్తే డాక్టరు మనతోనే మాట్లాడతాడు. చెప్పాల్సిన అసలు బాధ ఆమె కడుపులోనే ఉండిపోతుంది. ఏటీఎం పిన్ అడగకూడదు. ఫొటో తీయకూడదు. సాయం పొందుతున్న మనిషి ముఖాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం ఈ రోజుల్లో సేవకు పట్టిన తెగులు, దాన్ని సమర్థించడానికి ఏ కారణమూ చాలదు.

అన్నిటికన్నా కష్టమైంది రెండోసారి వెళ్లడం. మళ్లీ రమ్మన్న తేదీని చీటీ మీంచి మన డైరీలోకి ఎక్కించుకుని, ఆ పొద్దున ఆ గుమ్మం ముందుండాలి. మొదటిసారి జాలితో చాలామంది వస్తారు.

పిల్లల సంగతి ముసలివాళ్ల సంగతి నుంచి విడిగా చూడలేం. ఒకప్పటి బళ్లారి జిల్లా ఊళ్లే అయిన ఆలూరు, ఆదోని ప్రాంతాల నుంచి ఏటా కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలసపోతాయి. పెద్దలతో పోయిన పిల్లలకు బడి పోతుంది. ఊళ్లో ఉండిపోయిన పిల్లలకు అవ్వాతాతలే దిక్కు. ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది, మంచిదే. కానీ చూపు సరిగా ఆనని అవ్వ మనవడి హోంవర్కు చూడలేదు, మనవడు అవ్వ బీపీ మాత్రలు వేళకు చూసి ఇవ్వలేడు. బళ్లారి పేటల్లో జీన్సు కుట్టే ఇళ్లదీ ఇదే తీరు. అమ్మ మిషను మీద నుంచి లేస్తే కూలి తగ్గుతుంది. తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టి కన్నడ బడిలో చదివే పిల్లకు సాయంత్రం ఒక గంట పక్కన కూర్చునేవాళ్లుంటే చదువు నిలబడుతుంది. ఆ గంట ఆ ఇంటి ముసలామెకూ పలకరింపే.

ఒకే మనిషి పిల్లలనూ పెద్దలనూ కలిపి చూసుకునే పద్ధతి జపాన్‌లో ఉంది. 1917లో ఒకాయామాలో మొదలైన ఏర్పాటు 1948లో చట్టమైంది. అక్కడ వాళ్లను మిన్‌సేయి-ఇన్ అంటారు. మూడేళ్లకోసారి నియమిస్తారు, జీతం ఉండదు, తమ పేటలో ఇన్ని ఇళ్లని బాధ్యత ఉంటుంది. చట్టం ప్రకారం పిల్లల సంక్షేమం కూడా వాళ్ల పనే. ఆంధ్రలో 2019లో వచ్చిన గ్రామ వాలంటీరు ఏర్పాటులోనూ యాభై ఇళ్లకు ఒకరన్న లెక్క ఉండేది. 5,000 రూపాయల గౌరవ వేతనంతో ప్రభుత్వం పెట్టిన ఆ ఏర్పాటు 2024లో ఆగిపోయింది. దాని రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వారిది. ఇళ్లను పంచుకోవడమన్న ఆలోచన మాత్రం వదులుకోదగ్గది కాదు.

దగ్గర్లో చూడాలంటే అనంతపురం ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అక్కడ మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ఆర్డీటీ, బళ్లారి సరిహద్దుకు దగ్గర్లోని కణేకల్లులో ఆస్పత్రి నడుపుతోంది. ఆ సంస్థ ఊరి ఆడవాళ్లకే శిక్షణనిచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టుకుంది. ఎవరింట్లో గర్భిణి ఉందో, ఎవరు మంచం పట్టారో ఆ ఊరివాళ్లకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు. కేరళలోని మలప్పురంలో మంచాన పడ్డవాళ్లను చూసుకునే పాలియేటివ్ కేర్ బృందాలు వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలవాళ్లను తీసుకుని, శిక్షణ ఇచ్చాకే ఇళ్లకు పంపుతాయి.

మన కాలేజీల్లోనూ మనుషులున్నారు. ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. అందులో చాలా భాగం ఊడవడానికి, ర్యాలీలకు సరిపోతోంది. ఏడు రోజుల శిబిరం దానికి అదనం. శిబిరం ఎత్తేశాక ఆ ఊరి ముఖం చూసేవాళ్లు తక్కువ. ఏడాదికి వచ్చే 120 గంటలను వారానికి రెండు గంటల చొప్పున ఒకే వీధిలోని రెండు మూడు ఇళ్లకు కేటాయిస్తే ఏడాదంతా సరిపోతాయి. ప్రోగ్రాం ఆఫీసర్లు ఈ ఒక్క మార్పు చేయాలి.

రైల్వేలోనో, తపాలాలోనో, బడిలోనో పనిచేసి రిటైరై, తెలుగు కన్నడ లిపులు రెండూ చదవగలిగినవాళ్లు బళ్లారిలో ప్రతి పేటలో ఉన్నారు. ఈ విన్నపం ముఖ్యంగా వాళ్లకే. వారంలో ఒక పూట, ఎప్పుడూ అదే పూట, ఆస్పత్రి ఓపీ దగ్గరో నాడ కచేరి దగ్గరో కూర్చోండి. ఇంట్లో ముసలివాళ్లను హింసిస్తున్నట్టు తెలిస్తే 14567కు, పిల్లలు ఆపదలో ఉన్నారనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. రెండూ ఉచితం.