పొగరూ కాదు, ధిక్కారమూ కాదు

నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో మౌనం మీద ఒక అధ్యాయం ఉంది. మాయా ఏంజెలో ఆత్మకథ 'ఐ నో వై ద కేజ్డ్ బర్డ్ సింగ్స్' (1969) గురించి రాస్తూ, ఎనిమిదేళ్ళ నల్లజాతి పిల్ల మాట్లాడటం మానెయ్యడాన్ని 'ధిక్కారం' అన్నాను. మా గైడ్ మెచ్చుకున్నారు. వైవాలోనూ ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడదే పుస్తకాన్ని డిగ్రీ పిల్లలకు చెబుతుంటే ఆ మాట నన్ను ఇబ్బంది పెడుతోంది.

కథ మీలో చాలామందికి తెలిసిందే. సెయింట్ లూయిస్‌లో తల్లి దగ్గర ఉన్నప్పుడు, తల్లితో కలిసి ఉంటున్న మనిషే మాయాపై అత్యాచారం చేస్తాడు. అంతకుముందు ఎప్పుడైనా ముట్టుకున్నాడా అని కోర్టులో లాయరు అడిగితే, ఆ పిల్ల భయంతో లేదంటుంది. అతనికి ఏడాది ఒక్కరోజు శిక్ష పడుతుంది. అది అనుభవించకుండానే బయటికి వచ్చి, హత్యకు గురవుతాడు. తను ఆడిన అబద్ధమే అతన్ని చంపిందని పిల్ల నమ్ముతుంది. తను నోరు తెరిస్తే ఇంకెవరు చచ్చిపోతారోనని అన్న బెయిలీతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు.

దీన్ని ధిక్కారమని ఎలా రాశాను? ఇది ఎదుటివాళ్ళను తన నుంచి కాపాడటానికి ఒక పిల్ల తన గొంతును తనే నొక్కేసుకోవడం. బాధితురాలిలో వీరనారిని వెతికే తొందరలో ఆ భయాన్ని నేను చూడలేదు.

మనస్తత్వ శాస్త్రంలో 'ఉద్వేగాల నియంత్రణలో ఇబ్బందులు' అనే మాట ఉంది. నాకు నచ్చని మాట. ఆడపిల్లకు మనం పుట్టినప్పటినుంచీ నేర్పేది నియంత్రణే కదా! కానీ 2004లో గ్రాట్జ్, రోమర్ తయారుచేసిన 36 అంశాల కొలమానం చూశాక కొంత మెత్తబడ్డాను. అందులో అదుపు తప్పడం ఒక్కటే లేదు. తనకు కలిగిన ఉద్వేగాన్ని తనే ఒప్పుకోలేకపోవడం, ఏమనిపిస్తోందో తేల్చుకోలేకపోవడం కూడా ఉన్నాయి. అంటే అరిచి పుస్తకాలు విసిరేసే పిల్లే కాదు, తల వంచుకుని కూర్చునే పిల్ల కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

మాయా ఇంట్లోవాళ్ళు మొదట్లో ఊరుకున్నారు. డాక్టరు ఇక నయమైందని చెప్పాక మాత్రం ఊరుకోలేదు. శరీరం మానింది కనక పిల్ల మామూలుగా ఆడుకోవాలి. ఆడుకోకపోతే అది పొగరు. తిట్టారు, కొట్టారు. ఈ పేజీ దగ్గర నేనిప్పుడు ఆగిపోతాను. నా క్లాసులోనూ నెలల తరబడి నోరు విప్పని అమ్మాయి ఒకరుండేది. ఒకరోజు హాజరు పిలిస్తే పలకలేదు, రెట్టించి పిలిస్తే గట్టిగా అరిచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె కథ ఆమెది, ఇక్కడ రాయను. స్టాఫ్‌రూంలో 'పొగరు' అన్నది మాత్రం నేనే.

ఆ తర్వాత స్టాంప్స్‌లో నాయనమ్మ దగ్గరికి చేరిన మాయాను మిసెస్ ఫ్లవర్స్ తన ఇంటికి పిలుస్తుంది. ఏం జరిగిందని అడగదు. డికెన్స్ నవల పైకి చదివి వినిపిస్తుంది, పుస్తకమిచ్చి ఇంటి దగ్గర పైకి చదువుకోమంటుంది. సాహిత్యం గాయాన్ని మాన్పుతుందని అప్పట్లో నేను పేజీలు నింపింది ఇక్కడే. ఇప్పుడు నా కంటికి బిస్కెట్లు కనిపిస్తున్నాయి. ఆవిడ వాటిని ప్రత్యేకంగా ఈ పిల్ల కోసమే చేసి ఉంచింది. ఒక పెద్దమనిషి తన కోసం పొయ్యి ముందు నిలబడిందన్న సంగతి ఆ పిల్లకు డికెన్స్ కంటే తక్కువేమీ కాదు.

నా అధ్యాయంలో లేని సంగతి ఇంకొకటుంది. ఆ బిస్కెట్లు పట్టుకుని సంబరంగా ఇంటికొచ్చిన మాయా అన్నతో మాట్లాడుతూ 'బై ద వే' అంటుంది. మార్గమంటే క్రీస్తేనని నమ్మే నాయనమ్మకు అది దైవదూషణగా వినిపించి, బరిగె తీసి కొడుతుంది. ప్రాణంగా పెంచిన నాయనమ్మే. నోరు తెరుచుకుంటున్న రోజునే దెబ్బలు. నా వాదనలో ఇమడదని దాన్ని వదిలేశాను.

వచ్చే వారం ఈ భాగం క్లాసులో చెప్పాలి. ఆ అమ్మాయి ఇప్పుడు మా కాలేజీలో లేదు.