వందలో ఇరవై ఆరు

సెక్యులర్ మిత్రులతో ఎక్కడ కూర్చున్నా మాకు ఒక మాట వినబడుతుంది. ‘1978లో ఆ రెఫరెండం క్లాజు నెగ్గి ఉంటే ఇవాళ రాజ్యాంగం మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు’ అని. మా మంచి కోరే అంటారు. కానీ ఆ క్లాజును మా మొహల్లాలో నిలబడి చదివితే ఎలా ఉంటుందో వాళ్లు అడగలేదు. మేమూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామనే ఈ నాలుగు మాటలు.

1976 ఏప్రిల్‌లో, ఎమర్జెన్సీ రోజుల్లో, పాత ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర మా వాళ్ల ఇళ్ల మీదికి బుల్‌డోజర్లు వచ్చాయి. పోలీసు కాల్పులు జరిగాయి. అదే ఏడాది చివర్లో 42వ సవరణ రాజ్యాంగ పీఠికలో ‘సెక్యులర్’ అనే మాట చేర్చింది. మాట పీఠికలోకి, బుల్‌డోజరు ఇంట్లోకి. రెండూ ఒకే ప్రభుత్వం పంపినవే.

తర్వాత వచ్చిన జనతా ప్రభుత్వం 1978లో 45వ సవరణ బిల్లు తెచ్చింది. న్యాయశాఖ మంత్రి శాంతిభూషణ్. అందులో రెండు అంశాలు నేరుగా మాకు సంబంధించినవి. ఒకటి: సెక్యులర్ రిపబ్లిక్ అంటే అన్ని మతాలకూ సమాన గౌరవం ఉన్న రిపబ్లిక్ అని అర్థం చెప్పడం. రెండు: రాజ్యాంగపు లౌకిక, ప్రజాస్వామిక స్వభావాన్ని దెబ్బతీసే సవరణకూ, ప్రాథమిక హక్కులను కుదించే సవరణకూ, స్వేచ్ఛగా జరగాల్సిన ఎన్నికలనూ న్యాయవ్యవస్థ స్వతంత్రతనూ బలహీనపరిచే సవరణకూ పార్లమెంటు మెజారిటీ ఒక్కటే చాలదు, రెఫరెండం కూడా జరగాలి. ఓటర్లలో కనీసం 51 శాతం పాల్గొనాలి. పోలైన ఓట్లలో మెజారిటీ ఒప్పుకోవాలి.

లోక్‌సభ ఒప్పుకుంది. కాంగ్రెసు వర్గాల బలం ఉన్న రాజ్యసభ రెండింటినీ కొట్టేసింది. మిగిలిన బిల్లు 44వ సవరణ చట్టమై 1979 ఏప్రిల్ 30న మన తెలుగు రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ఆమోదం పొందింది.

ఇక లెక్క చూడండి. ఓటర్లు వందమంది అనుకుందాం. 51 మంది వచ్చి ఓటేస్తే చాలు. అందులో 26 మంది ‘సరే’ అంటే చాలు. పార్లమెంటు ముందే ఒప్పుకుని ఉంటే, వందలో ఇరవై ఆరుగురు ఈ దేశపు లౌకిక స్వభావాన్ని మార్చేయవచ్చు. ఎమర్జెన్సీలాంటి సర్కారు చేతులు కట్టేయడానికి ఈ తాళం తయారుచేశారు, నిజమే. కానీ తాళంతోపాటు తాళంచెవి కూడా తయారైంది. ఆ చెవి ఎవరి చేతిలో ఉంటుందన్నదే మా భయం.

1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు చెరపలేదంది. 1994లో బొమ్మై కేసులో లౌకికత్వం ఆ స్వరూపంలో భాగమంది. అంటే ఇంత ఓటుతో తీసేయవచ్చని కాదు, తీసేయడానికి వీల్లేదని. మాలాంటి తక్కువ జనాభాకు ఈ రెండు మాటల మధ్య తేడా ప్రాణమంత పెద్దది.

మాది ఉత్త భయం కాదు. స్విట్జర్లాండులో 2009 నవంబర్ 29న కొత్త మినార్లు కట్టకూడదని జనం ఓటేశారు. 57.5 శాతం అవునన్నారు. అప్పటికి దేశం మొత్తం మీద ఉన్న మినార్లు నాలుగు! అక్కడి ప్రభుత్వం, పార్లమెంటు ‘దీన్ని తిరస్కరించండి’ అనే చెప్పాయి. పార్లమెంటులో ఉన్న సహనం బ్యాలెట్ పెట్టెలో లేకపోయింది.

అయితే రెండో వైపూ చెప్పాలి. ఐర్లండులో 1972లో, తొంభై శాతానికి పైగా కేథలిక్కులున్న దేశంలో, కేథలిక్ చర్చికి రాజ్యాంగం ఇచ్చిన ప్రత్యేక స్థానాన్ని రెఫరెండంలోనే తీసేశారు. నూటికి 84 మంది సరేనన్నారు. కాబట్టి రెఫరెండం పుట్టుకతో మాకు శత్రువు కాదు. మెజారిటీ మనసులో ఏముందో అది చూపిస్తుంది, అంతే. ఆ మనసు తయారయ్యేది ఓటు రోజున కాదు. రోజూ చట్టసభలో ఏది ముందు, ఏది వెనక అని తేల్చే చోట తయారవుతుంది.

ఆ చోట మా సంగతి చూడండి. 1986లో షాబానో తీర్పును పక్కకు నెట్టే చట్టం వచ్చింది. మా పెద్దమనుషులూ రాజీవ్ ప్రభుత్వమూ మాట్లాడుకున్నారు. మా అక్కచెల్లెళ్ల మాట వెనక్కి పోయింది. ఆ తప్పులో మా వాటా మేము ఒప్పుకోవాలి. 2006లో సచార్ కమిటీ మా పేదరికాన్ని పేజీలకొద్దీ లెక్కగట్టి, సమాన అవకాశాల కమిషన్ కావాలంది. ఆ చట్టం రాలేదు. ఒక్క ఊపులో ఇచ్చే తలాక్‌ను 2017లోనే కోర్టు చెల్లదంది. చెల్లని తలాక్‌కు మూడేళ్ల దాకా జైలు వేసే చట్టం మాత్రం 2019లో వచ్చింది. జైలు చట్టానికి తొందర, చదువుకూ నౌకరీకీ తీరిక లేదు!

సహనం అంటారు. ఆ మాటే మాకు నచ్చదు. సహనమంటే ఓర్చుకోవడం. మా ఇళ్లల్లో దాన్ని బర్దాష్త్ అంటాం. పంటినొప్పిని బర్దాష్త్ చేస్తారు, పక్కింటివాణ్ణి కాదు. 2023 సెప్టెంబర్ 21న, చంద్రయాన్ విజయం మీద చర్చలో, డానిష్ అలీ అనే ఎంపీని సాటి సభ్యుడు మతం పేరెత్తి తిట్టాడు. మంత్రి సభలో విచారం చెప్పారు. స్పీకర్ హెచ్చరించారు. మాటల్ని రికార్డు నుంచి తీసేశారు. రికార్డు శుభ్రమైంది. విన్న చెవుల సంగతి?

1978 బిల్లులో సహనం అన్న మాట లేదు. సమాన గౌరవం అని ఉంది. మా భాషలో ఇజ్జత్. రాజ్యసభ ఆనాడు కొట్టేసిన రెండింటిలో, రెఫరెండం పోయినందుకు మాకు దుఃఖం లేదు. ఆ అర్థం పోయినందుకు ఉంది. మాట పీఠికలో మిగిలింది గానీ, దానికి అర్థం ఎవరు అధికారంలో ఉంటే వాళ్లు చెబుతున్నారు.

మిత్రులారా, పోయిన తాళం కోసం బాధపడకండి. పోయిన ఆ అర్థాన్ని వెతకడానికి మాతో రండి.