బూర ధ్వని కొరకు కనిపెట్టిన బాలుడు

ప్రియ చదువరీ, చిన్నతనమున ఎప్పుడైన దీపాలవేళ ఇంటికి వచ్చి, అమ్మ కనబడక, పొయ్యి చల్లారియుండుట చూచి, ప్రభువు వచ్చి అందరిని తీసికొనిపోయెను, నేనొక్కడనే విడువబడితిని అని ఏడ్చితివా? నేను ఏడ్చితిని. అమ్మ నీళ్ల బిందెతో చెరువునుండి వచ్చువరకు ఆ భయము తీరలేదు. సండేస్కూలులో నేర్చిన రాకడ పాఠము నాకు నిరీక్షణగా కాక భయముగా మిగిలెను. ఇట్టి బాల్యమునుగూర్చిన ఒక పుస్తకమును ఈ నెల నీ యెదుట ఉంచుచున్నాను.

అది ఎడ్మండ్ గాస్ అను ఆంగ్ల రచయిత 1907లో, మొదట తన పేరు వేయకయే ప్రకటించిన ‘ఫాదర్ అండ్ సన్’, అనగా తండ్రియు కుమారుడును. తండ్రి ఫిలిప్ గాస్ సముద్రజీవులను పరిశోధించిన పండితుడు, బ్రదరన్ సహవాసపు విశ్వాసి. ఆ సహవాసము మనకు పరాయిది కాదు. 1836లో డెవన్ సీమనుండి బయలుదేరి, తరువాత నరసాపురము ప్రాంతమున సువార్త పని చేసిన బౌడెన్, బీర్ దొరలు దానికి చెందినవారే.

గాస్ గారి యింట కల్పిత కథలకు చోటు లేదు. ప్రకటన గ్రంథమును నాటి ఐరోపా వార్తలతో సరిపోల్చు మాటలే పిల్లవాని చెవిని పడుచుండెను. 1857లో తల్లి ఎమిలీ రొమ్ము క్యాన్సరుతో మరణించినప్పుడు వానికి ఏడేండ్లు. తరువాత వాడు బడిలో ఉండి చదువుచుండగా, ఒక వేసవి దినమున తోడివారందరు బయటికి పోయిరి. వాడు ఒంటరిగా కిటికీయొద్ద ఉండి, ఇప్పుడే వచ్చి తన్ను తీసికొనిపొమ్మని ప్రభువును వేడుకొని కనిపెట్టెను. ప్రొద్దు వాలెను. పిల్లలు తిరిగివచ్చు సందడి వినబడెను. బూర మ్రోగలేదు, టీ గంట మ్రోగెను. ఆ గంటతో వాని విశ్వాసము సడలనారంభించెను.

తండ్రియో, తాను మరణము రుచిచూడకయే ఎత్తబడుదునని కడవరకు నమ్మెను. 1888లో అంత్యకాలము సమీపించినప్పుడు ఆయన మిక్కిలి నిరాశపడెనని కుమారుడు వ్రాయుచున్నాడు. ఇది చదివినప్పుడు నాకు నా తల్లి జ్ఞాపకము వచ్చెను. ఆమె మంచముపట్టి, “మీ నాయన ప్రక్కనే నన్ను పెట్టెదవా?” అని అడుగగా, “అంతకుముందే ప్రభువు వచ్చునులే అమ్మా” అని మాట తప్పించితిని. ఆమె మరల అడుగలేదు. నా మాట విశ్వాసమువలె వినబడెను గాని, అది చిన్ననాటి భయమే.

ఈ పుస్తకమును గ్రుడ్డిగా నమ్మవద్దు. తండ్రి పోయిన పందొమ్మిదేండ్లకు కుమారుడు దీనిని ప్రకటించెను. తండ్రి ఈ పుస్తకములో కనబడునంత కఠినుడు కాడని 2002లో ఆయన జీవితచరిత్ర వ్రాసిన ఆన్ త్వైట్ చూపియున్నారు. మరియు గాస్ ఒక్క సాయంకాలపు మౌనమునుబట్టి వాగ్దానమునకే తీర్పు తీర్చుచున్నాడు. ఇది నాకు ఒప్పుదల కాదు. అయినను పిల్లవాని మనస్సును ఆయన ఉన్నదున్నట్లు చూపెను. మరణమునుగూర్చి ఏమియు చెప్పక రాకడను మాత్రము నేర్పినయెడల, ఆ బాలుడు పెద్దవాడై మరణము నెదుట మాటలేనివాడగును.

పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయము తీసి చూడుము. బూర ధ్వనిని గూర్చిన ఆ మాటలు ఎవరికి వ్రాయబడెను? తమవారిని పాతిపెట్టి దుఃఖించుచున్న సంఘమునకు. ఒకరినొకరు ఓదార్చుకొనుటకే అవి ఇయ్యబడెను. సమాధియొద్ద పుట్టిన పాఠమును మనము అక్కడనుండి తీసి, అల్లరిచేయు పిల్లలను బెదరించుటకు వాడుకొంటిమి.

కాబట్టి, చదువరీ, నీ బిడ్డకు రాకడను నేర్పుము; దానితోకూడ సమాధుల తోటకు చేయిపట్టి తీసికొనిపోయి, తాతను ఎక్కడ ఉంచితిరో చూపుము. ప్రభువు ముందు వచ్చినను, మరణము ముందు వచ్చినను, మనము ఆయనవారమే అని చెప్పుము. నీ యింట వృద్ధురాలు తన మరణమునుగూర్చి అడిగినయెడల మాట తప్పింపకుము. మంచముప్రక్కన కూర్చుండి ఆమె అడిగినదానికి జవాబు చెప్పుము.